పౌనే దో లెక్క

అరవైల్లో నిజామాబాద్‌లో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. కోపం నాకు ముక్కు మీదే ఉండేది. అయినా ఆ రోజులంటే ప్రాణం లాగుతుంది. బోధన్ బస్సు దిగి పరుగెత్తుకొచ్చే పిల్లల టిఫిన్ డబ్బాల చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఒక టెస్టుకు సైక్లోస్టైల్ యంత్రం మొరాయించింది. ప్రశ్నలు నోటితో చెప్పి రాయించాను. దిద్దుతుంటే నాలుగో లెక్కలో పదకొండు మందికి అచ్చం ఒకటే తప్పు జవాబు. కాపీ! ఇంకేం, పదకొండు మందినీ టెస్టులో ఫెయిల్ చేశాను.

వాళ్ళలో ఎడపల్లి దగ్గరి క్యాంపు అమ్మాయి ఉంది. కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద చెరకు వేసుకున్న రైతుల ఊళ్ళను క్యాంపులనేవాళ్ళం.

"తప్పితే చదువు మాన్పిస్తానన్నారండి మా నాన్న," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"సూసి రాసేటప్పుడు గది యాదికి రాలేదా?" అన్నాను.

మర్నాటి నుంచి ఆమె రాలేదు.

కాపీ సంగతి ప్రిన్సిపాల్‌కు రుజువు చేద్దామని కాగితం మీద గళ్ళు గీశాను. ఎవరు ఏ లెక్క తప్పారు, ఎక్కడ కూర్చున్నారు, ఏ ఊరు, అన్నీ నింపాను. ఎవరు తీసుకున్న గోతిలో వాళ్ళే పడతారంటారు. పదకొండు మందీ తలో మూల కూర్చున్నారు. ఊళ్ళు మాత్రం అన్నీ క్యాంపులే. అమ్మాయి పేపరు మళ్ళీ తీశాను. మార్జిన్‌లో 'రెండుంబావు గ్రాములు' అని ఉంది. నేను చెప్పింది పౌనే దో. మా వైపు ఉర్దూ లెక్కలో పావు తక్కువ రెండు. వాళ్ళ చెవికి పౌనే అంటే పావు. లెక్క చేసిన తీరు అందరిదీ సరైనదే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ప్రతి టెస్టుకూ ఆ గళ్ళు గీసి, ఎక్కువ మంది తప్పిన పాఠం మళ్ళీ చెప్పాను.

ఆ రోజు మధ్యాహ్నం బస్సుకే ఎడపల్లి పోయాను. అమ్మాయి తండ్రి చెరకు నరుకుతున్నాడు. పౌనే దో సంగతంతా చెప్పి, "తప్పు నాది. బిడ్డను పంపుండ్రి," అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. ఆయన కత్తి పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాడు.

"పౌనే దో అంటే పావు తక్కువ రెండాండీ?"

"ఔను."

"ఈ పొలం చెక్క పౌనే దో ఎకరాలని చెప్పే అమ్మాడండి ఇక్కడి పెద్దాయన. రెండుంబావు అనుకుని కొలిస్తే అరెకరం తగ్గింది. మోసం చేశాడని పదేళ్ళు పలకరించలేదండి. పోయినేడు ఆయన పోతే చూడ్డానికి కూడా వెళ్ళలేదు."

లేచి కత్తి తీసుకుంటూ, "అమ్మాయి రేపొస్తుందండి," అన్నాడు.