నాలుకతో చూసి కొన్న తెడ్డు

మా బిడ్డ సుజాతకు ఆకలైంది. జ్వరం తగ్గినా ముద్ద ముట్టని పిల్ల, పొద్దున "నాయినా, జర జొన్న అంబలి చేస్తవా?" అంది. అంబలి తిప్పే పాత కట్టె తెడ్డు పగిలిపోయి ఉంది. వనపర్తి బజారుకు ఉరికాను.

కొత్త కట్టె వాసన తగలగానే నా చిన్నప్పుడు గట్టు ఊరి సంతలో తెడ్లు కొనే మా అమ్మ కళ్ళముందు నిలబడింది. ప్రతి తెడ్డునూ నాలుకకు ఆనించి చేదుందేమో చూసేది. మీ అమ్మలూ ఇట్లాగే కొనేవారా?

"తెడ్డు కొంటవా, తింటవా అక్కా?" అని అమ్మేవాడు ఎగతాళి చేసేవాడు.

"నా పిల్లల నోట్లకు పొయ్యేది ముందుగాల నేను చూడొద్దా?" అనేది.

నేనూ అట్లాగే చూసి కొన్నాను. అమ్మలాగే వేడి గంజిలో నానబెట్టి కడిగాను. ఇప్పుడు ఒక చేత్తో అంబలి తిప్పుతూ ఇంకో చేత్తో మన చుట్టాల గ్రూపులో ఇది రాస్తున్నాను. ఆపితే ఉండలు కడుతుంది. అందుకే సుజాతకు ఆకలైందని గద్వాల అక్కకు, అమ్రాబాద్ బామ్మర్దికి, నాగర్‌కర్నూల్ మేనకోడలికి మీరే చెప్పండి. అందరికన్నా ముందు అలంపూర్‌లో ఉన్న సుజాత వాళ్ళ చిన్నమ్మకు చెప్పండి. పిల్ల మీద దిగులుతో ఆమె కూడా అన్నం మానేసింది.