పసుపు చొక్కావాడి గోత్రం

ఫుట్‌బాల్ పిచ్చి మా అమ్మాయికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నాకు మాత్రం మా అమ్మాయి నుంచే వచ్చింది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉండగా తను యూరప్‌లోని ఒక క్లబ్‌ను పట్టుకుంది. వాళ్ళవి పసుపు చొక్కాలు. అన్నం తింటూ ఫోన్ చూడొద్దని కోప్పడడానికి ఒకరోజు పక్కన కూర్చున్నాను. కూర్చున్నవాణ్ణి ఊరికే ఉండక, ఆ బంతి అతనికెందుకు ఇచ్చాడని అడిగాను. అది జరిగి మూడేళ్ళయింది. ఇప్పుడు కంచంలో చల్లారిపోతున్నది నా అన్నం.

మట్టెవాడలో నాకు జంపఖానాల దుకాణం ఉంది. ఎదురుగా నా దోస్తు దర్జీ షాపు. మా అమ్మాయి నాకు అంటించినదాన్ని నేను అతనికి అంటించాను. అతని షాపులో గోడకు టీవీ ఉంది. కుట్టుమిషన్లు ఆపేస్తే, అదే మా స్టేడియం.

ముగ్గురికీ చొక్కాలు అతనే కుట్టాడు. బజారంతా తిరిగినా క్లబ్‌వాళ్ళ పసుపు దొరకలేదు, గడపలకు రాసే పసుపు దొరికింది. అది వేసుకుని హన్మకొండ బస్సెక్కితే పక్క సీటాయన లేచి నిలబడి, "గోవింద మాలనా స్వామీ, ఎన్ని దినాలు?" అని అడిగాడు. సీజన్ అయ్యేదాకా అందామనుకున్నాను. ఆలోపే ఆయన నా కాళ్ళకు దండం పెట్టాడు.

మాలలు వేసుకోకపోయినా నేను గుడి మనిషినే. మా వాడకట్టు రామాలయంలో శ్రావణమాసం శనివారాలు సాయంత్రం రామకథ పారాయణం జరుగుతుంది. చివరి శనివారం పట్టాభిషేకం. మా నాయన చదివేవాడు. ఆయన పోయినప్పటి నుంచి నేను చదువుతున్నాను. ఒక యేడు జ్వరంతో, ఒక యేడు గొంతు పోయి చదివాను గానీ, పట్టాభిషేకం ఎన్నడూ తప్పలేదు. నా బతుకులో నాకు ఇష్టమైన సాయంత్రం అది. పారాయణానికి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఒకటుంది. దేవుడి ముందు పేరు, గోత్రం చెప్పేటప్పుడు నిజం చెప్పాలి, సంకల్పంలో అబద్ధం పలికితే పూజంతా అబద్ధమవుతుంది. ఈ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

సీజన్ మొదలయ్యే ముందు క్లబ్బులు ఫ్రెండ్లీ మ్యాచ్‌లు ఆడతాయి. ఒళ్ళు దారికి రావడానికి ఆడే ఆటలు. గెలిస్తే పాయింట్లు రావు, ఓడితే పోయేదేమీ లేదు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఎంతో నచ్చింది. ఫలం మీద కన్ను వేయకుండా చేసేదే పూజ అని మా నాయన అనేవాడు. ఫ్రెండ్లీ అంటే అచ్చంగా అదే కదా అనుకుని, నిబ్బరంగా చూద్దామని దర్జీ షాపులో స్టూలు మీద కూర్చున్నాను.

నా నిబ్బరం మొదటి గోల్ దాకా ఉంది. రెండో డివిజన్‌వాళ్ళు మాకు నాలుగు కొట్టారు. మేము ఒక్కటీ కొట్టలేదు.

"మునిగినం అన్నా. ఇగ ఈ యేడు గంతే," అన్నాడు దర్జీ, నోట్లో గుండుసూదులు అట్లాగే పెట్టుకుని.

"ఇది ఫ్రెండ్లీ కాకా," అన్నది మా అమ్మాయి. "పొద్దుగాల రెండు గంటలు ఉరికిచ్చి, మళ్ళ ఆడిపిస్తాండ్రు. కాళ్ళు బరువుంటయ్."

"కాళ్ళు బరువుంటే నాలుగు పడ్తయా? ముప్పై ఏండ్ల సంది మిషిన్ తొక్కుతాన. నేను ఎవలికన్న నాలుగు ఇచ్చిన్నా?"

ఆ కోపంలో అతను ఒక జాకెట్టుకు రెండు కుడిచేతులు కుట్టాడు.

రెండో ఫ్రెండ్లీ ఏదో చిన్న ఊరి జట్టుతో. తొమ్మిది గోల్స్ కొట్టాం. దర్జీ బయటికి పోయి మిర్చి బజ్జీలు తెచ్చి, బ్లౌజులకు వచ్చిన ఆడవాళ్ళందరికీ పంచాడు.

"కప్పు మనదే అన్నా. రాసి పెట్టుకో."

"వాళ్ళ గోల్‌కీపర్ రొట్టెల బట్టీల పని చేస్తడట కాకా," అన్నది మా అమ్మాయి.

"చేస్తే ఏంది? చేతులున్నయ్ గదా."

మూడో ఫ్రెండ్లీకి ముందు వచ్చిన వార్తతో నా నిద్ర పోయింది. మా తొమ్మిదో నంబరు ఆటగాడు తిరిగి వస్తున్నాడట. గోల్స్ కొట్టేది అతనే. పోయిన సీజన్‌లో మోకాలు తిరిగిపోయి, గడ్డి మీద కూర్చుని చొక్కాలో ముఖం దాచుకున్నవాణ్ణి నేను చూశాను. ఆపరేషన్ అయి ఏడాది కావస్తోంది. ఆ శనివారం ఆసియాలోనే ఎక్కడో మ్యాచ్, మనకు మధ్యాహ్నం వేళకు వస్తుంది. చివరి అరగంట అతణ్ణి ఆడిస్తామన్నారు.

"అన్నా, గుళ్ళె అర్చన చేపిద్దాం," అన్నాడు దర్జీ. నేనూ అదే అనుకుంటున్నాను.

శనివారం పొద్దున గుడికి పోయాం. ఎవరి పేరు మీద అని అయ్యగారు అడిగారు. చెప్పాను. ఆయన ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకుని, చివర సంస్కృతం తగిలించి దారికి తెచ్చారు. నక్షత్రం అడిగారు. పుట్టినరోజు ఫోన్‌లో కొట్టి మా అమ్మాయి స్వాతి అని రాసిచ్చింది. పుట్టిన గంట దొరకలేదు, విశాఖ కూడా కావచ్చని కింద రాసింది. స్వాతి అన్నాను.

"గోత్రం?"

నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్నకు నా నోటి నుంచి వచ్చేది ఒక్కటే. మా గోత్రం చెప్పేశాను. చెప్పిన వెంటనే తప్పు తెలిసింది. ఆగండి, తెలియదు అనడానికి సమయముంది. కానీ వెనక లైను ఉంది, మంత్రం నడుస్తోంది, నా కళ్ళ ముందు ఆ మోకాలు ఉంది. నేను ఆపలేదు. నా వెనకే తులసిమాల పట్టుకుని మూలింటి అవ్వ నిలబడి ఉంది. మా పారాయణంలో అందరికన్నా పెద్దావిడ. ఆమెకు చూపు తగ్గింది గానీ చెవులు బాగా పనిచేస్తాయి.

మధ్యాహ్నం అతను మైదానంలోకి దిగాడు. దర్జీ షాపులో మిషన్లు ఆగాయి. అతని కాలికి ఎవరు దగ్గరగా వచ్చినా మా అమ్మాయి నా చెయ్యి గిచ్చింది. ఇంకో నాలుగు నిమిషాలున్నాయనగా బంతి ఎత్తుగా వచ్చింది, అతను ఎగిరాడు, తల తగిలింది, వల కదిలింది. తర్వాత అతను చేసిన పని ఏమిటంటే, పరుగెత్తుకుంటూ పోయి రెండు మోకాళ్ళ మీద గడ్డిలో జారాడు.

"అరే, ఆ మోకాలి మీద జారకురా," అని దర్జీ టీవీని బతిమాలాడు. "దాని కోసమే గదరా ఇంత జేసింది."

అతను లేచాడు. బాగానే ఉన్నాడు. కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ మెడలో టేపు అట్లాగే ఉండగా మాతోపాటు చప్పట్లు కొట్టింది. దర్జీ ఎవరిదో ఫాల్ కుట్టని చీర నా భుజాల మీద శాలువాలా కప్పాడు. ఆ మ్యాచ్ మేము ఓడిపోయామని మర్నాడు గానీ మాకు గుర్తుకు రాలేదు.

సాయంత్రం పారాయణంలో నా గొంతు ఎక్కడో పైన పలికింది. దర్జీ అర్చన సంగతి అందరికీ చెప్పాడు. అందరూ సంతోషించారు. మూలింటి అవ్వ ప్రసాదం అందుకుంటూ నా దగ్గర ఆగింది.

"మీ గోత్రపాయినేనట గదా. ఏ ఊరోళ్ళు కొడుకా?"

"దూరం అవ్వా," అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే ఇంకా సిగ్గేసింది.

మంగళవారం ఇంకో వార్త. తొమ్మిదో నంబరుకు కూతురు పుట్టింది. తన వేలు పట్టుకున్న చిన్న చేతి ఫోటో పెట్టాడు. దర్జీ వాడకట్టంతా పేడాలు పంచాడు. బుధవారం పొద్దున అవ్వ మా దుకాణం మెట్లెక్కింది.

"ఆడపిల్లనట గదా."

"అవునవ్వా. తల్లీబిడ్డా మంచిగున్నరట."

"సంతోషం. మరి మీకు పురుడు గదా. శనివారం పట్టాభిషేకం ఎవలు సదువుతరు?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. బిడ్డ పుడితే ఆ వంశంవాళ్ళందరికీ పది రోజులు పురుడు. గుడిలోకి పోరాదు. మంగళవారం నుంచి శనివారానికి అయిదు రోజులే. నా గోత్రం చెప్పి అతణ్ణి నా ఇంటివాణ్ణి చేసింది నేనే, అదీ దేవుడి ముందు.

మా అమ్మాయి విని జంపఖానాల దొంతి మీద పడి దొర్లింది.

"బాపూ, టీమ్‌ల ఇరవై మందికి పైన ఉన్నరు. వరుస పెట్టి పిల్లలైతే ఇగ నువ్వు గుడికి పోవుడు బందే."

దర్జీ మాత్రం ఉపాయం చెప్పాడు. "గోత్రం ఒక్కటైనంత మాత్రాన పురుడు రాదన్నా. ఏడు తరాల లోపుండాలె. ఏడు తరాల అవతలోళ్ళని చెప్పు. ఫికర్ లేదు. అబద్ధం గూడ గాదు."

నిజమే, అబద్ధం కాదు. ఆ మాటను రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. శుక్రవారం పొద్దున పట్టాభిషేకం ఒకసారి చదివి చూసుకుందామని కూర్చుని, మొదటి శ్లోకం దగ్గరే పుస్తకం మూసేశాను. ఇచ్చిన మాట కోసం రాజ్యం వదిలిపోయినవాడు తిరిగి వచ్చే ఘట్టం అది. ఒక్క మాట ఒప్పుకోలేనివాడు దాన్ని ఏ నోటితో చదువుతాడు? చదివే భాగ్యం పోతే పోనీ, చెప్పేద్దామనుకున్నాను. అనుకున్నానే గానీ వదులుకోవడం తేలిక కాదు. మా నాయన కూర్చున్న చోటు అది.

శనివారం సాయంత్రం సరిగ్గా పారాయణం వేళకే చివరి ఫ్రెండ్లీ. మొదటిసారి దర్జీ టీవీ పెట్టలేదు. ముగ్గురం పసుపు చొక్కాల్లోనే గుడికి పోయాం. నేను గడప దాటలేదు. బయటే నిలబడి, లోపల కూర్చున్న అందరికీ వినబడేట్టు చెప్పాను. అతను మా వంశంవాడు కాదు, మన దేశంవాడే కాదు, నేను ఎన్నడూ చూడలేదు, బంతి ఆడతాడు, మోకాలి మీద ప్రేమతో నా గోత్రం ఇచ్చేశాను, ఆపగలిగి కూడా ఆపలేదు, సంకల్పంలో అబద్ధం పలికాను. ఇక చదవమన్నా వద్దన్నా మీ ఇష్టం అన్నాను.



"నక్షత్రమైనా నిజమేనా?" అని అడిగారు అయ్యగారు.

"అది ఫోన్ చెప్పింది అయ్యగారూ. విశాఖ గూడ గావచ్చు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. కోపమో నవ్వో నాకు తెలియలేదు. "తెలియదంటే కాశ్యప గోత్రం అని చెప్పేవాణ్ణి కదయ్యా," అన్నారు చివరికి. "గోత్రం తెలియనివాళ్ళకు అదే చెప్తాం. ప్రాణులన్నీ కశ్యపుని సంతానమే. చెప్పకపోవడం తప్పు. ఇప్పుడు చెప్పారు. లోపలికి రండి, మళ్ళీ చేద్దాం."

"అందరు కశ్యపుని పిల్లలేనా అయ్యగారూ?" అన్నాడు దర్జీ. "మనకు నాలుగు కొట్టినోళ్ళు గూడనా?"

"వాళ్ళు కూడా."

మూలింటి అవ్వ ఇదంతా తల వంచుకుని విని, "గట్లయితే లోకమంత ఒక్కటే గోత్రం," అన్నది. "రోజుకెంతమంది పుడ్తాండ్రు. లోకమంతటికీ పురుడే. ఇగ గుళ్ళెకు ఎవలు రావాలె?"

ముందు నవ్వింది అయ్యగారే. ఆయన చేతిలోని హారతి పళ్ళెం ఊగింది. తర్వాత గుడంతా నవ్వింది. అవ్వ మాత్రం తన ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంది. జవాబు రాకపోయేసరికి, "నడువు, సదువు," అని నన్ను లోపలికి తోలింది. "ఆ పసిపిల్ల పేరు గూడ చెప్పుండ్రి అయ్యగారూ. ఇంక పేరు వెట్టలేరేమో, ఊకె బిడ్డ అనుండ్రి."

ఈసారి గోత్రం అడిగినప్పుడు, "తెలియదు అయ్యగారూ," అన్నాను. ఆ రెండు మాటలు ఎంత తేలికగా వచ్చాయో.

మా నాయన చోట కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఆడవాళ్ళ వైపు అవ్వ పక్కన మా అమ్మాయి కూర్చుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి చొక్కా అంచు కింద దాచిందని నాకు తెలుసు. చూడొద్దనుకున్నాను. సింహాసనం మీద రాముణ్ణి కూర్చోబెట్టే శ్లోకం దగ్గరికి వచ్చేసరికి తను రెండు చేతులూ పైకెత్తింది. ఒక బొటనవేలు మడిచింది. తొమ్మిది వేళ్ళు. కొట్టింది అతనే.

"తొమ్మిది గొట్టిండ్రా బిడ్డా?" అని అవ్వ గుసగుసగా అడిగింది. ఆమె గుసగుస గుడి బయటికి కూడా వినిపిస్తుంది.

మగవాళ్ళ వరుసలో దర్జీ ఆ వేళ్ళు చూశాడు. నోరు మూసుకోవడానికి అతను పడిన కష్టం నేను చూశాను. ఆగలేక రెండు చేతులూ ఎత్తి, "గోవిందా," అని అరిచాడు. పట్టాభిషేకం కదా, సందర్భం సరిగ్గా ఉంది. గుడంతా ఒక్క గొంతుతో "గోవింద" అన్నది.

ఆ శ్లోకాన్ని నేను ఇంకోసారి, ఇంకొంచెం పైన ఎత్తుకుని చదివాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే నిజమే చెప్పేవాణ్ణి.