పిశాచం పెట్టించిన సంతకం

మా అమ్మ తండ్రి క్విట్ ఇండియా రోజుల్లో తాలూకా అంతటికీ నాయకుడు. సామర్లకోట దగ్గర మా ఊళ్లో, పంచాయతీ ఆఫీసు ముందు ఆయన విగ్రహం ఉంది. రెండేళ్ల క్రితం ఆయన మీద సినిమా కథ రాస్తానని నా స్నేహితుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. వారం రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. నాకు తెలిసినదంతా చెప్పాను.

చెప్పకూడనిది కూడా చెప్పాను. జైల్లో పడ్డ మూడు నెలలకు తాతయ్య, ఇక ఉద్యమం జోలికి రానని క్షమాపణ రాసిచ్చి బయటికొచ్చారు. ఏడాది నిండిన పెద్దకూతురు టైఫాయిడ్‌తో చావుబతుకుల్లో ఉందని ఆయనకు కబురందింది. ఈ సంగతి అమ్మమ్మ పోయేముందు నాకొక్కడికే చెప్పి, ఎవరికీ చెప్పకూడదని మాట తీసుకుంది.

"ఇది సినిమాలో పెట్టవు కదా?" అని అడిగాను.

"ఛ, నన్ను నమ్మవేంట్రా?" అన్నాడు.

సినిమా ఈ వేసవిలో వచ్చింది. రాజమండ్రిలో మ్యాట్నీకి పెద్దమ్మను తీసుకెళ్లాను. ఆ టైఫాయిడ్ పిల్ల ఆవిడే. ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. నాన్నను తెర మీద చూడబోతున్నానని పట్టుచీర కట్టుకుంది.

పేరు మార్చారు గానీ ఊరూ విగ్రహమూ మావే. తెల్లదొరలంతా నెత్తురు తాగే పిశాచాలు. లాఠీదెబ్బలు తింటూ కూడా చెయ్యెత్తని మనిషి, ఖద్దరు పంచె ఎగ్గట్టి రెండు చేతులా వాటి తలలు నరుకుతున్నాడు. హాలంతా ఈలలు. అంతవరకూ ఎలాగో సర్దుకున్నాను. ఇంటర్వెల్‌కు ముందు జైలు సీను. ఒక పిశాచం ఆయన మెడ కొరికి, ఒంట్లో దూరి, క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టించింది. జబ్బుపడ్డ పిల్ల ఊసే లేదు.

లైట్లు వెలిగాయి. పెద్దమ్మ నావైపు తిరిగింది.

"నాన్న నిజంగా సంతకం పెట్టారా?"

అబద్ధం ఆడలేకపోయాను. "పెట్టారు పెద్దమ్మా. నీకు జ్వరం ఎక్కువైందని."

ఆవిడ మళ్లీ ఖాళీ తెర వైపు తిరిగింది. "అయితే ఆ పిశాచం నేనేనన్నమాట" అంది.

మిగతా సినిమా చూడలేదు. బయటికొచ్చి, పెద్దమ్మ పక్కనే ఉండగా నా స్నేహితుడికి ఫోన్ చేశాను.

"మీ తాతగారికి మచ్చ రాకుండా తప్పంతా దెయ్యం మీదికి తోసేశాను కదరా! ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. గొంతులో తడబాటు లేదు. నాకు మేలు చేశాననే అనుకుంటున్నాడు. ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత వాడితో మాట్లాడలేదు.

తిరుగు రైల్లో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ద్వారపూడి దాటాక అడిగింది.

"మా అమ్మ నీకెప్పుడు చెప్పింది?"

"పన్నెండేళ్లయింది."

"పన్నెండేళ్లు నా ఇంటికొచ్చి అన్నం తింటూ నాకు చెప్పలేదు. సినిమావాడికి మాత్రం చెప్పావు."

సామర్లకోటలో దిగేటప్పుడు చెయ్యి అందించాను. ఆవిడ దాన్ని పట్టుకోకుండా, తలుపు పక్క కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ తనే దిగింది.