వీపు మీద నీలి గుర్తు

మత్తు డాక్టరు పేరు ఎవరికీ గుర్తుండదు. కోసినావిడకు మిఠాయిలు, బిడ్డను ఎత్తి చూపిన నర్సుకు చీరలు, సూది గుచ్చినదానికి తిట్లు. బెంగళూరులో ఒక కాన్పుల ఆసుపత్రిలో పదహారేళ్ళు ఆ తిట్లు తిన్నదాన్ని నేను. తిట్టినవాళ్ళందరినీ మరిచిపోయాను. తిట్టని మనిషే గుర్తుండిపోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో వచ్చిందావిడ. బళేపేటలో గాజుల అంగడివాళ్ళు. తాతల నాటి నుంచి అక్కడే ఉన్నా ఇంట్లో తెలుగే. చిన్నప్పటి నుంచి ఆవిడ వెన్నెముక పక్కకు వంగి ఉంది. సిజేరియన్ తప్పదన్నారు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది.

"పోయిన కాన్పుకు నన్ను పూర్తిగా నిద్రపుచ్చినారమ్మా. నేను లేసేతలికి బిడ్డ లేదు. రెండు గడియలు బతికి పోయిందంట, మట్టి గూడా చేసేసినారు. అది ఏడ్చిందంట. అందురూ విన్నారు, నేను తప్ప. ఈసారి నాకు మెలకువ ఉండాల. ఏడుపు నా చెవులతో వినాల. అంతే నేనడిగేది."

నడుముకు మత్తు సూది వేస్తే నడుము కిందే మొద్దుబారుతుంది, మనిషి మెలకువగానే ఉంటుంది. కానీ ఆ సూది రెండు ఎముకల నడుమ సందులోంచి పోవాలి. ఆవిడ వీపు తడిమితే సందెక్కడో ఎముకెక్కడో తెలియలేదు. అల్ట్రాసౌండుతో ఆ సందు వెతకడం నేను అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. ఆ ధైర్యంతో మాట ఇచ్చేశాను.

ఆ యంత్రం మా థియేటర్‌లో లేదు. కింద స్కానింగ్ గదిలో ఉంది, ఆ గది దాటి రాకూడదు. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలుసుకొని చంపేయకుండా పెట్టిన చట్టం అది. మంచి చట్టమే, నేనేం తప్పుపట్టను. కానీ మా స్కానింగ్ డాక్టరు ఎవరేం అడిగినా ఆ చట్టాన్నే అడ్డం పెట్టేవాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా?

"మెషీన్ రూమ్ దాటితే సీలేస్తారు మేడమ్. మీ పేషెంట్ నడుం కోసం నేను జైలుకెళ్ళాలా? కావాలంటే పొద్దున్నే ఇక్కడికే తీసుకురండి. రెండింటికి నేను లాక్ చేసుకొని వెళ్ళిపోతాను."

తీసుకెళ్ళాను. ఫారం నింపించాడు. ఎన్నో నెల, ఎంతమంది పిల్లలు, అందులో మగ ఎందరు ఆడ ఎందరు, అన్నీ ఉన్నాయి, వీపుకే గడి లేదు. ఆవిడను ముందుకు వంచి కూర్చోబెట్టి, తెర మీద సందు పట్టుకొని, నీలి పెన్నుతో వీపు మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాను. అంత వంకర వెన్నులోనూ దారి దొరికింది. ఆ సంతోషంలో టీ తాగాలనిపించింది, వెళ్ళి తాగాను. ఆ టీ మీద నాకిప్పటికీ కోపమే.

పదింటికి కావలసిన ఆపరేషన్ ఇంకో అత్యవసర కేసు వల్ల మూడింటికి జరిగింది. ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి గౌను విప్పితే వీపు కడిగిన పళ్ళెంలా ఉంది. గుర్తు లేదు.

పక్కనే వార్డు ఆయా గర్వంగా నిలబడి ఉంది. ఆమెదొక ఆచారం. కత్తి కిందికి వెళ్ళే ప్రతి గర్భిణికీ వేణ్ణీళ్ళు పోసి, పసుపు రాసి పంపేది.

"ఎవురో పెన్నుతో గీకిపెట్టినారు డాక్టరమ్మా. బిడ్డను కనబొయ్యే మనిషి ఒంటి మీద ఆ పిచ్చిగీతలేంది? సున్నిపిండి ఏసి తోమితే గానీ పోలా!"

ఆమెను ఏమనను? చెరపొద్దని చెప్పాల్సింది నేను. చెప్పకుండా టీకి పోయింది నేను. కింద గదికి తాళం పడి గంటయింది. ఫోన్ చేస్తే స్కానింగ్ డాక్టరు ఊరికి ఆ చివర ఉన్నానన్నాడు.

గుచ్చాను. ఎముక తగిలింది. మళ్ళీ గుచ్చాను, మళ్ళీ ఎముకే. నాలుగోసారికి సూది మార్చాను. ఆవిడ ఒళ్ళో దిండులో మొహం దాచుకొని, "ఇంగోసారి చూడమ్మా, నేను కదల్ను," అంది. ఆరుసార్లు గుచ్చాను. ఒక్క తిట్టు లేదు. బిడ్డ గుండె నెమ్మదిస్తోందని సర్జన్ అరిచింది. ఇక దారి లేదు. పడుకోబెట్టి మాస్కు పెడుతుంటే ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "వద్దమ్మా," అంది. మందు ఎక్కించాను. వేళ్ళు వదులయ్యాయి.

కొన్నేళ్ళకు థియేటర్‌కే ఒక యంత్రం వచ్చింది, అనుమతి కాగితాలతో సహా. చేతులు కాలాక ఆకులు. నేను మాత్రం ఆ తరువాత ఎవరి వీపు మీద గీత గీసినా సూది దిగేదాకా పక్కనుంచి కదల్లేదు. ఆయాలు నవ్వుకునేవాళ్ళు, నవ్వుకోనీ అనుకునేదాన్ని.

ఆపరేషన్ అయిన ఆ సాయంత్రం ఆవిడ కళ్ళు తెరిచింది. పక్కలో ఆడపిల్ల, చక్కగా ఉంది, నిద్రపోతోంది. బిడ్డను తాకి చూసుకొని, నావైపు తిరిగింది.

"ఎట్ల ఏడ్చిందమ్మా?"

"గట్టిగా," అన్నాను.

అబద్ధం. ఆవిడ ఊపిరి గొట్టం సరిచేస్తూ, మందు చూసుకుంటూ నేను వినలేదు. ఆ గదిలో ఆ ఏడుపు కోసం చెవులు పెట్టుకొని వచ్చింది ఆవిడొక్కతే. ఆవిడనే నేను నిద్రపుచ్చాను.