అత్తయ్య బొటనవేలు, నా శిరోవక్షం

లోకంలోని ప్రతి ప్రాణికీ ఏదో ఒక పట్టికలో ఒక గడి ఉంటుందనీ, ఆ గడి పేరు చెప్పగలిగితే ఆ ప్రాణి గురించి తెలుసుకోవలసింది ఇంకేమీ మిగలదనీ నేను గట్టిగా నమ్మిన రోజులవి. పుట్టింటికి ఫోన్ చేయాలంటే ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడే కాలం. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది గానీ, గుడివాడలో మా ఇంటికి రెండు వీధుల అవతల శాఖా గ్రంథాలయం ఉండేది. అందులో అట్ట ఊడిపోయిన జంతుశాస్త్రం పుస్తకం ఒకటి నా సొంత ఆస్తిలాంటిది. దాని మొదటి సగం చెదలు తినేశాయి, చివరి పేజీలు ఎవరో చింపుకుపోయారు. మధ్యలో పీతలు, రొయ్యలు, వాటి చుట్టపక్కాలు మాత్రం భద్రంగా మిగిలాయి. (చెదలు పీతల దాకా వచ్చి ఎందుకు ఆగాయో నాకిప్పటికీ తెలియదు. బహుశా భయపడి ఉంటాయి.) ఆ ముప్పై పేజీలూ నాకు నోటికి వచ్చు. సంధిపాద జీవులు, వాటిలో క్రస్టేషియన్లు, వాటిలో దశపాదులు. పీతకి తల వేరు, ఛాతీ వేరు అని ఉండదు, రెండూ కలిసిపోయి శిరోవక్షం. మిగిలిన చివరి పేజీలో చివరి వాక్యం సగంలో తెగిపోయి ఉండేది: పెరిగే కొద్దీ ఈ జీవులు తమ గట్టి పెంకును... అంతే. పెంకును ఏం చేస్తాయి? చాలా రోజులు ఆలోచించి, ఇంకేం చేస్తాయి, మరింత గట్టిపరచుకుంటాయి అని నేనే నిర్ణయించి, ఆ మాటను పెన్సిల్‌తో గుండ్రంగా రాసి వాక్యం పూర్తిచేశాను.

అప్పటికి నేను బతికున్న పీతను దగ్గరగా చూసి ఎరగను. మా అమ్మ పీతలు వండేది కాదు. అలాంటి నన్ను తీసుకెళ్ళి బందరులో పీతలూ రొయ్యలూ అమ్మే ఇంటికి కోడల్ని చేశారు. సంబంధం ఖాయమైన రోజు మా వాళ్ళు నా మొహంలోకి బెంగగా చూశారు గానీ, నాకు మాత్రం విశ్వవిద్యాలయంలో సీటు వచ్చినట్టుంది. అత్తయ్య పాతికేళ్ళుగా మార్కెట్లో బుట్ట పెట్టి కూర్చునే మనిషి. ఆవిడ బుట్టలోంచి పీతను తీసుకునేవాళ్ళు తిప్పి చూసుకునేవారు కాదు. అత్తయ్య చూసేసింది కదా, ఇంక వాళ్ళు చూసేదేముందని.

కాపురానికి వచ్చిన వారంలోనే నా విద్వత్తు బయటపెట్టాను. "అత్తయ్యా, పీతకి కాళ్ళెన్నో చెప్పండి?"

"ఎనిమిది."

"పదండీ. అందుకే దశపాది అంటారు."

ఆవిడ చేతిలో పని ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ముందరి రెండూ చేతులు కదే! మీ గుడివాడలో చేతులు కూడా కాళ్ళ కిందే లెక్కేస్తారా?"

పక్కనున్న ఆడపడుచు చిట్టి కిసుక్కున నవ్వింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు 'పుస్తకాలమ్మ'. నేను మాత్రం వెనక్కి తగ్గలేదు. బోర్లా పడేసిన పీత పొట్ట కింద మడత కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది అని ఒకరోజు చిట్టికి చెబుతుంటే, అత్తయ్య అటుగా వెళ్తూ, "అబ్బో, అది కూడా అచ్చేశారా! మా అత్త నాకు ఊరికే చెప్పింది" అనేసి పోయింది.

ఇంతలో చిట్టికి కృత్తివెన్ను నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయి. అబ్బాయి చిట్టికి నచ్చాడని మాకెవరూ చెప్పనక్కర్లేదు. అతని ఫోటోను బీరువాలో ఒకచోట దాచి, ఎవరైనా చూస్తారేమోనని ఇంకోచోటికి మార్చి, చివరికి ఎక్కడ పెట్టిందో తనే మర్చిపోయి ఇల్లంతా వెతికింది. మొదటిసారి చూసి వెళ్ళేటప్పుడు అబ్బాయి తండ్రి చెప్పులేసుకుంటూ అన్నాడు: "వచ్చే ఆదివారం మా అమ్మను కూడా తీసుకొస్తాం. ఆవిడ ఊఁ అంటే అంతా అన్నట్టే. ఒక్కటే అండీ, రొయ్యలు మాత్రం వండకండి. పొద్దస్తమానం చూసి చూసి విసుగెత్తిపోయాం. బందరు పీతల కూర పెట్టండి, మాటలు ఆ తర్వాత మాట్లాడుకుందాం."

పీతల కూర అడగడమంటే అత్తయ్యకు పట్టాభిషేకం చేసినట్టే. కానీ శనివారం సాయంత్రం మార్కెట్లో జెల్ల చేప ముల్లు ఆవిడ కుడిచేతి బొటనవేల్లో దిగింది. తెల్లారేసరికి ఆ వేలు వంకాయంత అయింది. మా ఆయన ఐసు లోడు కోసం పొరుగూరు వెళ్ళారు. పెళ్ళివారొచ్చే రోజని చిట్టిని గుమ్మం దాటనివ్వరు. మిగిలింది నేను. "నేను తెస్తాను అత్తయ్యా" అన్నాను, పరీక్ష హాలులోకి వెళ్ళే పిల్లలా.

ఆవిడ నన్నూ తన వేలినీ మార్చి మార్చి చూసింది. "సరే. నేను కాంపౌండరు దగ్గర కట్టు కట్టించుకుని, అట్నుంచటే బస్టాండుకెళ్ళి వాళ్ళని తీసుకొస్తా. ఒక్కటే మాట, పైపైన చూసి తీసుకోకు. తిరగేసి, కాళ్ళ మొదట్లో బొటనవేలితో నొక్కి చూసి తీసుకో."

నొక్కితే ఎలా ఉండాలో ఆవిడ చెప్పలేదు. పాతికేళ్ళుగా నొక్కుతున్న మనిషికి, అది తెలియనివాళ్ళు కూడా భూమ్మీద ఉంటారని తోచలేదు. అడగడం నాకు తోచలేదు. నొక్కి చూడటం నాకు తెలియనిదా? గుడివాడ మార్కెట్లో చిన్నప్పటి నుంచి బెండకాయలు నేనే ఏరేదాన్ని.

రేవులో అత్తయ్యకి ఎప్పుడూ సరుకు అమ్మే బాబాయి రెండు గంపల మండపీతలు పెట్టుకుని కూర్చున్నాడు. కొన్నిటి పెంకులు నల్లగా, మరకలు పట్టి, నాచు అంటుకుని, చూడటానికే రోగిష్టివాళ్ళలా ఉన్నాయి. మరికొన్ని అప్పుడే కడిగిన స్టీలు గిన్నెల్లా నిగనిగలాడుతున్నాయి. నల్లదాన్ని తిరగేసి నొక్కాను, రాయి. ముదురు! నిగనిగలాడేదాన్ని నొక్కాను, వేలి కింద మెత్తగా లోపలికి వెళ్ళింది. లేత! ఇంకేం కావాలి? ఏరి ఏరి పద్దెనిమిది లేత పీతలు పక్కన పెట్టాను.

బాబాయి ముందు నా వంక, తర్వాత ఆ కుప్ప వంక చూశాడు. "అయ్యే కావాలా అమ్మా? మీ అత్తకి చెప్పే తీసుకుంటున్నావా?"

"నొక్కి చూసే తీసుకుంటున్నాను బాబాయ్. దశపాదుల గురించి నాకు తెలుసు."

"ఎవరి గురించి?"

నేను పది నిమిషాలు చెప్పాను. శిరోవక్షం దగ్గరికి వచ్చేసరికి ఆయన రెండు చేతులూ ఎత్తి, "తల్లీ, నువ్వు ఏవి కావాలంటే అవే తీసుకెళ్ళు" అన్నాడు.

ఇంటికొచ్చి పెరట్లో చిట్టిని ఎదురుగా కూర్చోబెట్టుకుని శుభ్రం చేయడం మొదలుపెట్టాను. పెంకు తీసి, మొప్పలు చూపించి, ఒక్కొక్క భాగం పేరూ చెబుతూ. ప్రతి పీతలోంచీ గ్లాసెడు నీళ్ళు కారాయి. "వదినా, ఏంటి ఇన్ని నీళ్ళు?" అంది చిట్టి. ఆ పిల్ల ఎప్పుడూ శుభ్రం చేసిన కూరే తింది గానీ కత్తిపీట ముట్టలేదు.

"నీళ్ళు కాదే, రక్తం. పీతల రక్తం మనలా ఎర్రగా ఉండదు" అన్నాను. (అది నిజమే, పుస్తకంలో ఉంది. అవి నీళ్ళే అన్నది కూడా నిజమే, అది పుస్తకంలో లేదు.)

అల్లం, వెల్లుల్లి, చింతపండు, గసగసాలు, దేనికీ లోటు చేయలేదు. వాసనకి పక్కింటివాళ్ళు కూడా గోడ మీంచి తొంగిచూశారు. పన్నెండున్నరకి అత్తయ్య చేతికి ఇంత కట్టుతో చుట్టాలను వెంటబెట్టుకొచ్చింది. అబ్బాయి నాయనమ్మగారు పట్టుచీర కట్టుకొచ్చారు. ఆవిడకి పళ్ళు తక్కువ, పట్టుదల ఎక్కువ. అందరికంటే పెద్ద పీతను ఆవిడకే వడ్డించాను. ఆవిడ దాని పెద్ద చేతిని నోట్లో పెట్టి కొరికారు. కిరుక్కున విరిగింది. లోపల్నుంచి పులుసు నీళ్ళు చర్రున చిమ్మి ఆవిడ గడ్డం మీంచి పట్టుచీర మీదికి జారాయి. ఆవిడ ఆ చేతిని కంటి దగ్గర పెట్టుకుని, గొట్టంలోంచి చూసినట్టు, అటునుంచి మమ్మల్ని చూశారు.

"కండేదమ్మా?" అన్నారు.

అబ్బాయి తండ్రి ఇంకోటి విరిచాడు. ఖాళీ. అబ్బాయి విరిచాడు. ఖాళీ. అత్తయ్య వరండాలోంచి పెరట్లోకి వంగి, నేను తీసి పోసిన పెంకుల కుప్పలోంచి ఒకటి ఎడమచేత్తో తీసి నొక్కింది. అది కాగితంలా వంగింది. పాతికేళ్ళు పీతలమ్మిన ఇంట్లో, ఆడపిల్ల మాటల రోజున, వియ్యాలవారికి నీళ్ళ పీతలు! తలుపు సందులోంచి చిట్టి కళ్ళు కనిపిస్తున్నాయి, అప్పటికే నిండిపోయి.

అత్తయ్య రేవు బాబాయిని నాలుగు తిట్టేస్తే సరిపోయేది. నేనూ అది ఆలోచించాను, అబద్ధమెందుకు. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరు. "మా పుస్తకంలో దశపాదుల శిరోవక్షం..." అని మొదలుపెట్టి, మధ్యలోనే వదిలేసి, "నేనే ఏరానండీ. మెత్తగా ఉంటే లేతవనుకున్నాను. బెండకాయల్లాగా" అనేశాను.

"బెండకాయలా?" అన్నాడు అబ్బాయి తండ్రి. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ముందు నాయనమ్మగారికి నవ్వొచ్చింది, ఆ పైన పొలమారింది, నేనే మంచినీళ్ళిచ్చాను. ఆయన కళ్ళు తుడుచుకుని, "అమావాస్య వెళ్ళి మూడో రోజు కదమ్మా ఇవాళ. మా చెరువులో రొయ్యలు కూడా ఈ రోజుల్లోనే పెంకు వదిలేస్తాయి. కొత్త పెంకు గట్టిపడేదాకా మేం పట్టుబడే పెట్టం, ఒక్క రొయ్యని కూడా చెరువులోంచి తీయం. మీ పుస్తకంలో రాయలేదా?" అన్నాడు.

"ఆ పేజీ చింపేశారండీ" అన్నాను.

రెండేళ్ళుగా నా దగ్గర సగంలో ఆగిపోయిన వాక్యం అది. పెరిగే కొద్దీ ఈ జీవులు తమ గట్టి పెంకును వదిలేస్తాయి. విస్తరి ముందు నిలబడి, అంత అవమానంలోనూ, నాకు ఒక్క క్షణం సంతోషమేసింది. ఎవరికి చెప్పుకోను?

అత్తయ్య అప్పుడు నోరు విప్పింది. "అన్నయ్యగారూ, మా కోడలు కూడా కొత్తగా పెంకు మార్చుకున్న పీతే. పైకి నిగనిగలాడుతుంది, నొక్కితే నీళ్ళే. నాలుగు రోజులు మా నీళ్ళలో ఉంటే కండ పట్టుద్ది. మీకు పీతల కూర నేను బాకీ. పెళ్ళిలో తీర్చుకుంటా."

"పెళ్ళి దాకా ఆగుతారేంటి, నా పళ్ళు అప్పటికి ఉంటాయా?" అన్నారు నాయనమ్మగారు. ఆవిడ అన్న ఊఁ అదే.

పెళ్ళిలో పీతల్ని అత్తయ్య మానిన బొటనవేలితో తనే ఏరింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతిదాన్నీ ముందు నాచేత నొక్కించింది. చిట్టి మావగారు మాత్రం ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే, "ఏమ్మా, బెండకాయలు ఎలా ఉన్నాయి?" అని అడిగేవారు.

మొన్న గుడివాడ వెళ్ళినప్పుడు ఆ గ్రంథాలయంలోకి తొంగిచూశాను. బీరువా మారింది, పుస్తకం మారలేదు. చివరి పేజీలో నా పెన్సిల్ మాట అలాగే ఉంది: గట్టిపరచుకుంటాయి. ఆ గుండ్రటి అక్షరాల్లో ఎంత ధీమా! చెరిపేద్దామని రబ్బరు అడిగి తీసుకున్నాను గానీ చేయి రాలేదు. దాని కిందే, ఇప్పటి నా గీతల చేతిరాతతో, 'ముందు వదిలేస్తాయి. నొక్కితే మెత్తగా ఉన్నవి కొనకండి' అని రాసి, పుస్తకం యథాస్థానంలో పెట్టి, బందరు బస్సెక్కాను.