పిల్లి కాటుకి గ్రీజు

ఈ రోజు మా షెడ్డులో చొంగ కారుస్తూ తిరుగుతున్న వీధిపిల్లి, అన్నం పెట్టబోయిన అప్పారావు మావ చెయ్యి కరిచింది. ఆయన కాటు మీద గ్రీజు పూసుకుని మళ్లీ వెల్డింగుకి కూర్చున్నాడు. మా షెడ్డులో ప్రతి గాయానికీ అదే మందు.

"ఆస్పత్రికి పద మావా. పిల్లి కరిచినా రేబిస్ వత్తాది."

"పిల్లి కాటుకి సూదేట్రా? నవ్వుతారు. బయటికెల్తే హాజిరీ కోసేసి, ఈ రోజు కూలి ఆపేత్తారు."

సూపర్‌వైజర్ నవ్వనే నవ్వాడు. "బిల్లీ హై, షేర్ థోడీ హై!" పిల్లే కదా, పులేం కాదుగా అని.

గ్రీజు తుడిచి సబ్బుతో కడిగించగలిగాను, అంతే. సాయంత్రానికి ఆ పిల్లి సిలిండర్ల వెనక చచ్చి పడి ఉంది. మావ అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. గోవింద్‌పూర్‌లో వాళ్లింటికే పోతున్నాను. తిట్టినా సరే, సూదికి లాక్కుపోతాను.

పిల్లే కదా అని మీలో ఎందరు నవ్వేవాళ్లు? నిజం చెప్పండి.