డిస్కుల డబ్బాకి తొడుగు

పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు బక్కపలచని మనిషి, నడుస్తున్నా సగం నిద్రలో ఉన్నట్టే ఉంటాడు. తీసిన ఫొటోలన్నీ ముందు స్టూడియో వెనక గదిలోని హార్డ్‌డిస్కుల డబ్బాలోకి ఎక్కించాలి. అటు వెళ్తూ ఇటు వస్తూ దాని వీపు మీద చెయ్యి ఆనించి వేడి చూస్తాడు. గదిలో ఉన్న ఒక్క ఫ్యానూ దాని వైపే. ఆయన మాత్రం అట్టముక్కతో విసురుకుంటాడు. ఆవేళ ఓ పెళ్ళి ఫొటోలు డబ్బాలోకి ఎక్కించి, కెమెరా కార్డు చెరిపేసి, ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. లేచేసరికి డబ్బా మూలుగుతోంది. దుమ్ము పడుతోందని వాళ్ళమ్మ పాత దుప్పటితో తొడుగు కుట్టి దానికి నిండుగా తొడిగేసింది. లాగేసి ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది.

"ఎంత ముచ్చటగా ఉందో చూడరా!" అంది ఆవిడ.

"గాలికి అడ్డం రాకమ్మా, జరుగు."

ఆ పెళ్ళి ఫొటోలు ఇంకెక్కడా లేవు. డబ్బా ఆపి, చల్లారాక కాసిని ఫొటోలు వేరే డిస్కులోకి లాగి, వేడెక్కగానే మళ్ళీ ఆపి, పొద్దువాలేదాకా బాలింతకు చేసినట్టు చాకిరీ చేశాడు. ఆఖరి ఫొటో కూడా బయటపడ్డాక డబ్బా టక్కుమని ఆగింది. ఎంత బతిమాలినా మళ్ళీ లేవలేదు.

"నా తొడుగు వల్లేనా నాయనా?"

"అబ్బే, దానికి వయసైపోయిందిలే" అన్నాడు, గోడకి జారగిలబడి కళ్ళు మూసుకుని.

"ఏదీ, కళ్ళు తెరిచి నా మొహం చూసి చెప్పు."

ఆయన తెరవలేదు. ఆవిడ నమ్మాలని కాస్త గురక కూడా పెట్టాడు. సగంలో అది నిజం గురకే అయిపోయింది.